ర్యాంకు వచ్చిందని పిల్లాడికి పెద్ద కారు కొనబోతున్న బెజవాడ తల్లిదండ్రులకు

అమ్మా, అయ్యా, నమస్కారం.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. యాక్సిడెంట్ అయిన బండి షెడ్డుకు చేరాక వెళ్లి చూసి, ఏది విరిగింది, ఏది వంగింది, రిపేరుకు ఎంతవుతుంది, క్లెయిమ్ చెల్లుతుందా చెల్లదా అని కంపెనీకి రిపోర్టు రాస్తాను. పని మీద ఎక్కువ సేపు ఆటోనగర్‌లోనే ఉంటాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో బండి ఖరీదు పెరుగుతోంది, నడిపినవాళ్ల వయసు తగ్గుతోంది. బండి మీ పేరు మీదో, మీ వ్యాపారం పేరు మీదో ఉంటుంది. నడిపింది మీ అబ్బాయి. అందుకే ఈ లేఖ పిల్లలకు రాయకుండా మీకు రాస్తున్నాను.

రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఎనికేపాడు, నిడమానూరు వైపు షోరూముల్లో కాసేపు కూర్చుని చూడండి. కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని ఫొటో దిగుతుంటాడు. తండ్రి పాత బండికి ఎక్స్ఛేంజ్ ఎంతిస్తారని బేరమాడుతుంటాడు. తల్లి "సేఫ్టీకి ఎన్ని స్టార్లండీ దీనికి, ఎన్ని ఎయిర్‌బ్యాగులు?" అని అడుగుతుంది. మంచి ప్రశ్నే. సన్‌రూఫ్ ఉందా, టాప్ ఎండ్ ఎప్పుడొస్తుంది, దసరాలోపు డెలివరీ ఇస్తారా, అన్నీ అడుగుతారు. మా వాడు ఇంతవరకు రోడ్డు మీద ఎంత బండి నడిపాడు అన్న మాట మాత్రం రాదు. సేల్స్ కుర్రాడు దానికి జవాబు చెప్పలేడు కూడా. అది ఇంటి దగ్గరే అడుక్కుని బయలుదేరాల్సిన ప్రశ్న.

మన ఊళ్లో చాలా ఇళ్లలో దానికి జవాబు సున్నా. మీరే గుర్తు చేసుకోండి. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ అన్నాం, తర్వాత హాస్టల్ అన్నాం. గూడవల్లి, పోరంకి, కానూరు వైపు క్యాంపస్‌లలో గేటు లోపలే రెండేళ్లు, నాలుగేళ్లు పెట్టాం. ఔటింగ్ ఇస్తే మనమే కారేసుకుని వెళ్లి తెచ్చుకున్నాం, మళ్లీ మనమే దింపి వచ్చాం. డే స్కాలర్ అయితే కాలేజీ బస్సు ఇంటి ముందు ఆగింది. వాడు ఒంటరిగా బందరు రోడ్డు దాటి అవతలికి వెళ్లిన సందర్భం ఉందా? సైకిల్ మీద ఏలూరు రోడ్డులో బస్సు పక్కన బిక్కుబిక్కుమంటూ వెళ్లాడా?

మన తరం ఈ చదువు వేరేగా చదివింది. అద్దె సైకిల్ మీద కాలువ గట్ల వెంట పడుతూ లేస్తూ మొదలుపెట్టాం. తర్వాత లూనా, ఆ తర్వాత స్కూటరు. చేతికి కారు వచ్చేసరికి ముప్ఫై దాటింది. అప్పటికి ముందున్న ఆటో చక్రం కొంచెం వంగితే అది ఎటు తిరగబోతోందో ఒంటికే తెలిసిపోయేది. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి మనిషి దిగి అడ్డంగా వస్తాడని ఎవరూ చెప్పకుండానే కాలు బ్రేకు మీదికి వెళ్లేది. జేఈఈలో ఫిజిక్స్‌కు మంచి పర్సంటైల్ తెచ్చుకున్న పిల్లవాడికి ఇది రాదు. తెలివి తక్కువై కాదు, నేర్చుకునే సమయం మనం ఇవ్వక. కాబట్టి ర్యాంకుకు, కారుకు ముడిపెట్టడంలోనే తిరకాసు ఉంది. ర్యాంకు ఎంత బాగా వచ్చిందంటే రోడ్డుకు అంత దూరంగా పెరిగాడని అర్థం. చాలా కేసుల్లో నాకు కనిపించింది ఇదే.

డ్రైవింగ్ స్కూల్లో నేర్పించాం కదా అంటారు. రూల్స్ ప్రకారం చిన్న కారుకు కనీసం ఇరవై ఒక్క రోజుల శిక్షణ ఉండాలి, అందులో బండి నిజంగా నడిపేది కనీసం పది గంటలు. ఆ పది గంటలూ సక్రమంగా నడిపించినా, అందులో రాత్రి ఎంత, వాన ఎంత, హైవే ఎంత? గురునానక్ కాలనీ రోడ్లలో పొద్దున్నే ఆరింటికి సెకండ్ గేరులో తిప్పి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఒక రౌండు వేయించి లైసెన్స్ చేతికిస్తారు. లైసెన్స్ వచ్చిందంటే నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చని అనుమతి దొరికినట్టు. మనం మాత్రం అయిపోయిందనుకుంటాం.

ఇక బండి సంగతి. మనలో చాలామంది మొదట నడిపిన మారుతి 800కి ఉన్న పవర్ 37 హార్స్‌పవర్. ఇప్పుడు మీరు చూస్తున్న స్కార్పియో ఎన్ పెట్రోలు 200, ఫార్చ్యూనర్ డీజిల్ 204. ఫార్చ్యూనర్ అయితే రెండు టన్నులు దాటి బరువు. ఎలక్ట్రిక్ బండ్ల సంగతి ఇంకో ఎత్తు. మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీది సున్నా నుంచి వందకు 6.7 సెకన్లలో వెళ్తుందని కంపెనీయే చెబుతోంది. ఈ బండ్లు చెడ్డవని నేను అనను. ఇంజనీరింగ్ పరంగా చూస్తే ముచ్చటేస్తుంది. నాకూ ఇష్టమే.

అయితే తక్కువ పవర్ ఉన్న బండి దగ్గర ఒక గుణం ఉంది. ఓవర్‌టేక్ చేయాలంటే అది వెంటనే ఎక్కదు. ముందు రోడ్డు చూసుకోవాలి, ఎదురుగా లారీ ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకోవాలి, గేరు దించాలి, అప్పటికీ కుదరకపోతే ఆగాలి. ఆ ఆగడంలోనే అంచనా వేయడం అలవాటవుతుంది. రెండు వందల హార్స్‌పవర్ బండిలో కాలు నొక్కితే చాలు, ఆలోచన పూర్తయ్యేలోపే బండి పక్క లేనులో ఉంటుంది. పదిసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడం వల్ల తనకు బాగా వచ్చేసిందన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది.

ఇంకో సంగతి షోరూములో ఎవరూ చెప్పనిది. పాత 800 వంద దాటితే స్టీరింగ్ వణికేది, అద్దాలు గలగలలాడేవి, పక్కనున్న అమ్మ "ఒరేయ్ మెల్లగా" అనేది. స్పీడు ఎంతో ఒంటికి తెలిసేది. ఇప్పటి పెద్ద బండ్లలో అద్దాలు ఎత్తి పాట పెట్టుకుంటే 120 కూడా 60లాగే ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి ఏ తేడా తెలియదు. తేడా అంతా బ్రేకు కొట్టాకే తెలుస్తుంది. మీ పిల్లలు ఇంటర్ ఫస్టియర్‌లో "పని, శక్తి, సామర్థ్యం" చదివే ఉంటారు, అడగండి. వేగం రెట్టింపైతే గతిజ శక్తి నాలుగు రెట్లు. లెక్క వాడే వేసి చూపిస్తాడు. 60లో పొడి రోడ్డు మీద, కళ్లు చూసి కాలు కదిలే ఒక్క సెకనును కూడా కలుపుకుంటే బండి నిలబడడానికి ఇంచుమించు 37 మీటర్లు కావాలి. వందలో 80 మీటర్లు దాటుతుంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగేచోట 80 మీటర్ల ఖాళీ ఎప్పుడైనా చూశారా మీరు?

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న మాట దగ్గరికి వస్తాను. "పెద్ద బండి, బరువైన బండి అయితే ఏమైనా జరిగినా మా వాడికి ఏమీ కాదు కదండీ." నాతో ఈ మాట చాలామంది తల్లులు అన్నారు. ఇది అబద్ధం కాదు. రెండు బండ్లు ఢీకొంటే బరువైన దానిలో ఉన్నవాళ్లకే దెబ్బ తక్కువ. మరీ చిన్న పాత డబ్బాలో పిల్లవాణ్ని పంపమని నేనూ చెప్పను. కానీ బెజవాడలో వాడికి ఎదురొచ్చేది ఇంకో ఫార్చ్యూనర్ కాదు. పాలప్యాకెట్లు తెస్తున్న స్కూటీ, కూలీలతో ఉన్న ఆటో, చీకట్లో డివైడరు దాటుతున్న మనిషి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం పాదచారులు. మొత్తం మరణాల్లో 71 శాతానికి కారణం అతివేగమేనని అదే నివేదిక చెబుతోంది. బండి బరువు మీ అబ్బాయిని కాపాడినా, అదే బరువు అవతలివాడి మీద పడుతుంది. మీరు చూసే స్టార్ రేటింగు ముఖ్యంగా లోపల కూర్చున్నవాళ్ల కోసం.

షెడ్డులో ఇది కళ్లకు కనిపిస్తుంది. పెద్ద బండికి బంపర్ పగిలి, రేడియేటర్ కారి, బానెట్ ముందు అంచు వంగి ఉంటుంది. లోపల అద్దానికి వేలాడదీసిన అమ్మవారి లాకెట్ కూడా ఊడదు. రిపేరుకు లక్షో, రెండు లక్షలో. అవతలి స్కూటరు పోలీస్ స్టేషన్ ఆవరణలో పడి ఉంటుంది. దాన్ని చూడడానికి నన్ను ఎవరూ పిలవరు.

పద్దెనిమిది నిండనివాళ్ల గురించి వేరే చెప్పాలి. చర్చ అక్కర్లేని విషయం ఇది, అయినా మన ఊళ్లో జరుగుతూనే ఉంది. "అపార్ట్‌మెంటు చుట్టూ తిప్పుతాడంతే", "పాల డెయిరీ దాకానే" అంటూ తాళం ఇస్తారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రినో, బండి ఓనరునో దోషిగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు నిండేదాకా నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్ఎల్ఆర్ కూడా రాదు. "నాకు తెలియకుండా తీశాడు" అంటే కుదరదు. మీకు తెలిసే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే.

క్లెయిమ్ ఫైలు తెరిచాక బండి దగ్గర నేను మొదట చూసేది డ్రైవర్ సీటు. ఒక కేసులో ఇంటి డ్రైవర్ని తీసుకొచ్చి, ఇతనే నడిపాడన్నారు. మనిషి పొట్టి. సీటేమో చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. అతను అందులో కూర్చుంటే కాలు బ్రేకుకు అందదు. కాసేపటికి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "మా వాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు సార్" అన్నాడు. గౌరవంగా బతికిన మనిషి. ముప్ఫై ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న డ్రైవర్ని జైలుకు పంపడానికి ఆ రాత్రి సిద్ధపడ్డాడు. ఆ డ్రైవరుకూ పిల్లలున్నారు.

పుణె సంగతి మీకు తెలుసు. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణి నగర్‌లో పదిహేడేళ్ల కుర్రాడు నడుపుతున్నాడన్న పోర్షే టైకాన్ బైకును గుద్దింది. దాని మీద వెళ్తున్న ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చనిపోయారు. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారని దేశమంతా మండిపడింది. ఆ వ్యాసం గోలలో అసలు సంగతి మనం సరిగా పట్టించుకోలేదేమో అనిపిస్తుంది నాకు. తర్వాత రోజుల్లో రక్త నమూనాలు మార్చారని, నేరం నెత్తిన వేసుకోమని డ్రైవర్ని ఒత్తిడి చేశారని పోలీసులు కేసులు పెట్టారు. తండ్రి, తల్లి, తాత ముగ్గురూ అరెస్టయ్యారు. ఒక్క తాళం వల్ల మూడు తరాలు స్టేషన్ మెట్లెక్కాయి.

డబ్బు గురించి ఎవరైనా ధీమాగా ఉంటే నా వృత్తి విషయం ఒకటి చెప్పాలి. లైసెన్స్ లేనివాడు నడిపితే మీ బండి డ్యామేజీకి కంపెనీ పైసా ఇవ్వదు. చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఆ మొత్తం ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. చనిపోయింది సంపాదిస్తున్న చిన్న వయసు మనిషైతే ఆ మొత్తం కోటి దాటొచ్చు. లైసెన్స్ ఉన్నా ఒక మెలిక ఉంది. పాలసీలో ఉండే 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషికే. నాన్న పేరు మీద ఉన్న బండిని కొడుకు నడిపితే కొడుక్కి అది వర్తించదు. చాలామందికి ఈ సంగతి షెడ్డులోనే తెలుస్తుంది. తన నిర్లక్ష్యం వల్లే తాను చనిపోయిన డ్రైవరు కుటుంబానికి ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదని 2025 జులైలో కర్ణాటక కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు కూడా అన్నది.

పద్దెనిమిది దాటినవాళ్లకు జైలు సంగతి కంటే దగ్గరగా తగిలే విషయం ఇంకొకటి. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పాత చట్టంలో రెండేళ్లే. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు కష్టం. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని సూటిగా అడుగుతారు. బీటెక్ అవ్వగానే ఎంఎస్‌కు పంపాలని ఇప్పటి నుంచే కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఈ రెండు ముక్కలు గుర్తుంచుకోండి.

అమెరికా అన్నాను కాబట్టి, అక్కడున్న మీ తమ్ముడినో బావగారినో ఫోన్ చేసి కనుక్కోండి, పిల్లలకు మొదట ఏ కారు ఇచ్చారని. సెకండ్ హ్యాండ్ కరోలా, లేదంటే ఇంట్లో పాతబడిన బండి అంటారు చాలామంది. అక్కడ బీమా పరిశోధన సంస్థ కొత్తగా నడిపే పిల్లలకు ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న బండి వద్దనే చెబుతుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా లాంటి రాష్ట్రాల్లో ఇది చట్టమే. కొత్త లైసెన్స్ వాళ్లు, బరువులో టన్నుకు ఇంజను పవర్ 130 కిలోవాట్లు దాటిన బండి నడపకూడదు. మనకు అలాంటి చట్టం లేదు. పద్దెనిమిది నిండి లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే ఎంత పెద్ద కారైనా నడపొచ్చు. ఆపగలిగితే మీరే ఆపాలి.

పక్క సీట్లో, వెనక సీట్లో ఎవరుంటారన్నది బండి కంటే తక్కువ విషయం కాదు. పదహారు, పదిహేడేళ్ల డ్రైవర్ల మీద అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటుంది. పెద్దవాళ్లు లేకుండా తోటి వయసువాళ్లు ముగ్గురు, అంతకంటే ఎక్కువ ఎక్కితే, ఒంటరిగా నడిపేటప్పటితో పోలిస్తే ఆ డ్రైవరు చనిపోయే ప్రమాదం నాలుగు రెట్లని తేలింది. మన దగ్గర దీనికి వేదిక కూడా తయారుగా ఉంది. రాత్రి పదకొండు దాటాక బ్యారేజీ దాటి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వైపు వెళ్తే వెడల్పాటి రోడ్డు, తిన్నగా, ఖాళీగా. నలుగురు ఫ్రెండ్సు, ఒకడి చేతిలో ఫోన్ కెమెరా. బెల్టు పెట్టుకోమని బండి బీప్ కొడుతుంటే దాని నోరు మూయడానికి క్లిప్పు కొని తగిలిస్తారు. నలిగిపోయిన బండ్లలో ఆ క్లిప్పు బకిల్‌లో అలాగే ఉండడం నేను చూశాను. ఎయిర్‌బ్యాగ్ పని చేసేది బెల్టుతో కలిసే. మీ ఇంటి బండిలో అది ఉంటే ఈ లేఖ పక్కన పెట్టి ముందు వెళ్లి పీకేయండి.

కారు అసలు ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. కూతురు గన్నవరం వైపు కాలేజీ నుంచి చీకటిపడ్డాక ఆటో మారి ఆటో మారి వస్తుంటే ఇంట్లో వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. ఇవ్వండి. చిన్న పెట్రోలు బండి ఇవ్వండి. కొంటే మరీ పాతది వద్దు. 2019 ఏప్రిల్ తర్వాత తయారైనదైతే, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పకుండా ఉంటుంది. 2022 తర్వాతదైతే ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉంటాయి. బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ కూడా ఉంటే మరీ మంచిది. లైసెన్స్ వచ్చాక ఒక ఏడాది దాని మీదే తిరగనివ్వండి. అందులో కొన్ని నెలలు మీరు పక్కన కూర్చోండి. తిట్టకుండా కూర్చోగలిగే మనిషి ఎవరో ఇంట్లో తేల్చుకోండి, చాలా ఇళ్లలో అది నాన్న కాదు. సాయంత్రం ఏడింటికి వన్‌టౌన్‌లోకి తీసుకెళ్లండి. వానలో వారధి మీదుగా మంగళగిరి దాకా పంపించండి. రాత్రిపూట ఎదురు లైట్లు కళ్లలో పడుతుంటే ఎడమ అంచు పట్టుకుని ఎలా వెళ్లాలో చూపించండి. అది అయ్యాక పెద్ద బండి అడిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పటికి వాడు అడక్కపోనూ వచ్చు.

అసలు చిక్కు ఎక్కడుందో కూడా నాకు తెలుసు. "వాళ్ల నాన్న థార్ కొనిచ్చాడు, నాకేంటి ఈ డబ్బా?" అంటాడు. బంధువుల ముందు మీకూ కొంచెం చిన్నతనమే. ఒక్క ఇల్లు గట్టిగా నిలబడడం కష్టం. ఒకే బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురు కూర్చుని, మొదటి ఏడాది ఎవరూ పెద్ద బండి ఇవ్వం, రాత్రి పది తర్వాత తాళం ఇవ్వం అని అనుకుంటే సగం గొడవ తీరుతుంది. అడ్మిషన్ల కోసం మనం వాట్సాప్ గ్రూపులు పెట్టుకోలేదా? అదే గ్రూపులో ఈ మాట వేయండి.

పాత బండి కొనేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లు కొన్ని కడిగి, తుడిచి, వేరే ఊళ్ల మీదుగా మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. బేరం కుదిరేముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. పైన శుభ్రంగా కడిగినా చుట్ట లోపలి భాగంలో బురద మరక ఉండిపోతుంది. కాళ్ల కింద కార్పెట్ ఎత్తి తడి వాసన చూడండి, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోయిందా అడగండి. నీళ్లలో మునిగిన బండిలో ఎయిర్‌బ్యాగ్ వైరింగును నమ్మలేం, దాన్ని మాత్రం ఎంత చౌకగా వచ్చినా పిల్లలకు ఇవ్వకండి.

ఇట్లు,
ఒక మోటారు సర్వేయరు,
విజయవాడ